తుప్పు పేజీకి విరాళం

నవంబర్ 3, సోమవారం

మా ఇంట్లోవాళ్ల లెక్క ప్రకారం నేను ప్రేమలో ఉన్నాను. ఎవరితోనో నాకే తెలియదు.

లాప్‌టాప్ చూస్తూ నాలో నేను నవ్వుకుంటున్నానట. వదిన గదిలోకి రాగానే మూత వేసేస్తున్నానట. ఈమధ్య సన్నబడ్డానట కూడా. సన్నబడటం అబద్ధం. మిగతా రెండూ నిజమే.

నవ్వింది ఎందుకంటే, ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియాలో ప్రతి పేజీ వెనకా ఒక చర్చా పేజీ ఉంటుంది. 'చీపురు' అనే వ్యాసానికి ఏ చీపురు ఫోటో పెట్టాలని అక్కడ ఇద్దరు పెద్దమనుషులు పదకొండు రోజులుగా కొట్టుకుంటున్నారు. ఒకరినొకరు గారూ గారూ అనుకుంటూనే. మూత వేసింది ఎందుకంటే, ఇందులో నవ్వడానికి ఏముందో వదినకి చెప్పి ఒప్పించే ఓపిక నాకు లేదు.

ఇవాళ పొద్దున అమ్మ దుప్పటి మడతపెడుతూ, నా వైపు చూడకుండా, అబ్బాయి ఏం చేస్తుంటాడే అని అడిగింది. చీపుర్లు అన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

నవంబర్ 4, మంగళవారం. మధ్యాహ్నం రెండున్నర, షాపులో

బేరాలు లేవు. రాసుకోవచ్చు.

జిరాక్స్, ప్రింట్, స్పైరల్ బైండింగ్, లామినేషన్. నాన్న పెట్టిన షాపు. నాన్న పోయాక అన్నయ్యది. కెమిస్ట్రీ డిగ్రీ అయిన వారానికి నన్ను ఈ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు, తాత్కాలికంగా. ఆ తాత్కాలికానికి మూడేళ్లు నిండాయి. జీతం మాట ఎత్తితే అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడు. సొంత షాపులో జీతమేంటి, నువ్వేమన్నా పనిమనిషివా అంటాడు. పనిమనిషికి జీతం ఉంటుంది కదా అంటే అమ్మకి కోపం వస్తుంది.

ఇది స్కూలు ప్రాజెక్టుల సీజన్. పిల్లలు చీటీ మీద పేరు రాసుకుని వస్తారు. అగ్నిపర్వతం. తేనెటీగ. తుప్పు. నేను ఎన్‌సైక్లోపీడియాలో మన భాష పేజీ తెరిచి, ప్రింట్ కొట్టి, ముందు ప్లాస్టిక్ షీటు, వెనక నీలం అట్ట పెట్టి స్పైరల్ వేసిస్తాను. ఏడు నిమిషాల్లో ప్రాజెక్టు రెడీ. ఈ చుట్టుపక్కల నాలుగు స్కూళ్ల విజ్ఞానమంతా నా చేతి మీదుగానే పోతోంది.

నాలుగు రోజులుగా ప్రతి పేజీ మీదా ఒక పెద్ద పెట్టె వస్తోంది. మేము ప్రకటనలు వేయం, ఎవరి దగ్గరా రుసుము తీసుకోం, చదివేవాళ్లలో చాలా కొద్దిమందే ఇస్తారు, ఈ ఒక్కసారి మీరూ ఇవ్వండి అని. మూలన ఇంటూ గుర్తు నొక్కకపోతే అది కూడా ప్రింట్ అయిపోతుంది. నిన్న ఒకావిడ వెనక్కి తెచ్చింది. మావాడి తేనెటీగల ప్రాజెక్టులో చందా అడుగుతున్నారేంటమ్మా అని. అన్నయ్య నా మీద విసుక్కున్నాడు. టోనరేమన్నా ఊరికే వస్తోందా, ముందు ఆ ఇంటూ నొక్కు అన్నాడు.

ఇవాళ ఇప్పటికి నలభైమూడు సార్లు నొక్కాను.

నవంబర్ 6, గురువారం

పరువు పోయింది.

రెండో వీధి స్కూలు సైన్స్ మేడమ్ ముప్ఫై ప్రాజెక్టులు సంచిలో వేసుకుని స్వయంగా వచ్చింది. కౌంటర్ మీద ఒక్కొక్కటే తెరిచి పరిచింది. ముప్ఫైలోనూ ఒకటే వాక్యం: ఇనుము తుప్పు పట్టడానికి నీరు ఉంటే చాలు. గాలి ఊసే లేదు. పిల్లలు చదవరని నాకు తెలుసు, కనీసం అమ్మేవాళ్లైనా చదవరా అని అడిగింది. గట్టిగా కూడా అడగలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అన్నయ్య నవ్వుతూ, ఫ్రీగా దొరికేదాంట్లో ఇంకేముంటుంది మేడమ్ అన్నాడు. పేజీకి ఇంతని తీసుకుని ఫ్రీ అంటున్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, ఏం చదివావమ్మా అంది. కెమిస్ట్రీ అన్నాను. ఆవిడ ప్రాజెక్టులన్నీ మళ్లీ సంచిలో వేసుకుంది.

ఆ వాక్యం ముప్ఫై సార్లు నా కళ్ల ముందునుంచి పోయింది. ఒక్కసారి కూడా చదవలేదు. ఇంటూ నొక్కాను, ప్రింట్ కొట్టాను.

ఆవిడ వెళ్లాక ఆ పేజీ తెరిచి నేనే దిద్దాను. ఎవరైనా దిద్దవచ్చని ఎప్పటినుంచో తెలుసు, కానీ ఆ 'ఎవరైనా'లో నేను ఉన్నానని తట్టలేదు. గాలిలోని ఆక్సిజన్, నీరు, రెండూ కావాలి అని రాశాను.

నవంబర్ 7, శుక్రవారం

నా దిద్దుబాటు తీసేశారు. కారణం: ఆధారం చూపలేదు. ఎవరో 'పాతగడియారం' అట, మారుపేరు. ఇనుముకి గాలి తగిలితే ఏమవుతుందో చెప్పడానికి ఆధారం కావాలట పెద్దమనిషికి. తుప్పు పట్టిన మా స్పైరల్ మెషిన్ తెచ్చి చూపించనా?

నవంబర్ 9, ఆదివారం

అటక ఎక్కి నా డిగ్రీ పుస్తకాలు దించాను. వదిన కింద నిలబడి స్టూలు పట్టుకుంది. ఉత్తరాల కోసమా అని మెల్లిగా అడిగింది, నేను నీ పక్షమే అన్నట్టుగా. రెండో సంవత్సరం పుస్తకం దులిపి చూపించాను. ఆవిడ ముఖం వాడిపోయింది.

పుస్తకం పేరు, పేజీ నంబరు పెట్టి మళ్లీ రాశాను. గంటలోపు జవాబు వచ్చింది. 'మీరు చెప్పిందే సరైనది. తీసేసినందుకు మన్నించండి, ఆధారం లేకుండా ఉంచితే రేపు మరొకరు తీసేస్తారు. లోహాల మీద ఇంకో ఆరు పేజీలు ఇలాగే ఉన్నాయి. వీలుంటే చూస్తారా?'

వీలుంటే. చూస్తారా. నాతో ఈ రెండు మాటలు కలిపి ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్లైందో.

నవంబర్ 10, సోమవారం

భోజనాల దగ్గర నోరు జారాను. ఆ ఎన్‌సైక్లోపీడియాకి మూడు వందలు పంపాలనుకుంటున్నాను అన్నాను.

అన్నయ్య ముద్ద మింగి, ప్రొఫెసరమ్మకి దానగుణం పుట్టిందిరోయ్ అన్నాడు. అడిగితే ఇచ్చేయడమేనా, వాళ్లెవరు, ఎక్కడుంటారు, ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతుందో నీకేం తెలుసు అన్నాడు. అమ్మ మూడు వందలకి ఏమేమి వస్తాయో చెప్పడం మొదలుపెట్టింది. బకెట్ దగ్గర మొదలై పరదాల దాకా వెళ్లింది. వదిన మాత్రం, అబ్బాయి అక్కడ పనిచేస్తాడా అంది.

నిజానికి డబ్బు నాది. కాలేజీ స్కాలర్‌షిప్‌లో మిగిలింది, బ్యాంకులో నా పేరు మీదే ఉంది. కార్డు కూడా నా దగ్గరే ఉంది. కానీ ఓటీపీ అన్నయ్య ఫోనుకి పోతుంది. కాలేజీ అయ్యాక నా సిమ్‌కి రీచార్జ్ మాన్పించేశాడు. షాపులో వైఫై ఉంది, ఇంట్లో వైఫై ఉంది, మధ్యలో నడిచే పది నిమిషాలకి నెట్ ఎందుకు అన్నాడు. నంబరు పోయింది. అప్పటినుంచి గ్యాస్ దగ్గర్నుంచి నా ఉద్యోగం అప్లికేషన్ దాకా, ఏ ఫారంలో గడి కనిపించినా అందరం అన్నయ్య నంబరే రాస్తాం. మా ఇంటిల్లిపాదికీ ఊపిరి తీసుకోవడానికి ఒకటే ముక్కు.

అప్లికేషన్ అంటే గుర్తొచ్చింది. పక్క ఊళ్లో నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో అసిస్టెంట్ పోస్టుకి ఆగస్టులో పంపాను. రోజుకి రెండుసార్లు మెయిల్ చూస్తున్నాను. ఏమీ లేదు.

నవంబర్ 12, బుధవారం

నలభై స్పైరల్స్. వేళ్లు మొద్దుబారాయి. ఇంకేమీ జరగలేదు.

నవంబర్ 14, శుక్రవారం. షాపులో

సైన్స్ మేడమ్ ప్రశ్నపత్రాలు జిరాక్స్‌కి తెచ్చింది. దిద్దిన పేజీ చూపించాను. కళ్లజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివింది. బాగుంది అనలేదు. ఈ మాత్రం చేయగలిగిన పిల్లవి ఇక్కడ కూర్చుని అట్టలు ఎందుకు కత్తిరిస్తున్నావు అంది. అన్నయ్య వింటాడని నేనే మాట మార్చి విరాళం సంగతి అడిగాను. ఆవిడ ఇవ్వదట. అంత పెద్ద సంస్థకి మన మూడు వందలతో పనేముంది, పేజీ నిండా అంత పెట్టె పెట్టి జాలి పుట్టించడం తనకి నచ్చదు అంది. అదీ నిజమే అనిపించింది.

పాతగడియారాన్ని కూడా అడిగాను. తనెప్పుడూ పైసా ఇవ్వలేదట. ఆదివారం పొద్దుటిపూటలు ఇస్తాడట, తొమ్మిదేళ్లుగా. ఇవ్వకపోతే తప్పేమీ లేదు, మీ ఇష్టం అని రాశాడు. అదీ నిజమే. ఈ లెక్కన నాకు ఎవరు ఏం చెప్పినా నిజమే అనిపించేలా ఉంది.

కానీ ఒకటుంది. ఈ సీజన్‌లో మా షాపు నడిచింది ఆ పేజీల మీద. నా మటుకు నాకు అది ఊరికే రాలేదు, మూడేళ్ల తర్వాత నా డిగ్రీ దుమ్ము దులిపించింది. పైగా (ఇది రాయడానికి సిగ్గుగా ఉంది) నా డబ్బు నా ఇష్టానికి ఒక్కసారి, ఎవరికీ అక్కర్లేని పనికి ఖర్చుపెట్టి చూడాలని ఉంది. బకెట్ కాకుండా.

ఇస్తాను. సోమవారం.

నవంబర్ 17, సోమవారం. సాయంత్రం నాలుగున్నర, షాపు మేడ మీద గదిలో

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నన్ను నేనే తప్పుపట్టుకుంటాను.

మూడింటికి విరాళం పేజీ తెరిచాను. మూడు వందలు, నా పేరు, నా మెయిల్, కార్డు నంబరు. ఓటీపీ వెళ్లింది. అన్నయ్య కట్టింగ్ మెషిన్ దగ్గర ఉన్నాడు. రెండు చేతులతో కాగితాల కట్ట అదిమిపట్టి ఉన్నాడు. ఓటీపీ చెప్పన్నయ్యా అన్నాను. ఇప్పుడేనా, కౌంటర్ మీద ఉంది, నువ్వే చూసుకో అన్నాడు, తల ఎత్తకుండానే.

చూసుకున్నాను. మెసేజిల్లో అన్నిటికంటే పైన ఓటీపీ ఉంది. దాని కింద కరెంటు బిల్లు, దాని కింద టోనర్ కంపెనీ. నా వేలు ఎందుకు ఇంకా కిందికి జరిపిందో తెలియదు. ల్యాబ్ పేరు కనిపించింది.

అక్టోబర్ 30న వచ్చింది. అసిస్టెంట్ పోస్టుకి ఇంటర్వ్యూ, నవంబర్ 12, ఉదయం పది గంటలకు, ఒరిజినల్ సర్టిఫికెట్లతో రావాలి, వస్తున్నదీ లేనిదీ తెలపాలి. దాని కింద ఇటునుంచి వెళ్లిన జవాబు ఉంది, అదే రోజు, పావుగంట తర్వాత. ఆమెకు ఆసక్తి లేదు, థాంక్స్.

ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. 12న నేనేం చేశానో రాసే ఉంది. నలభై స్పైరల్స్.

ఓటీపీ గడువు అయిపోయింది. స్క్రీన్ మీద, మీ విరాళం పూర్తి కాలేదు, మళ్లీ ప్రయత్నించండి అని ఉంది.

అదే రోజు, రాత్రి భోజనానికి ముందు

షట్టర్ దించాక అడిగాను. ఫోను తీసి అతని ముందు పెట్టాను. అబద్ధం ఆడతాడనుకున్నాను. ఆడి ఉంటే తేలికయ్యేది.

"సీజన్ అయ్యాక చెబుదామనుకున్నా," అన్నాడు. "ఇప్పుడు నువ్వు వెళ్తే షాపు ఎవరు చూస్తారు? నేనొక్కణ్ణి చేయగలనా చెప్పు."

సీజన్ అయ్యాక ఏం చెప్తావు, ఇంటర్వ్యూ అయిపోయిందనా అన్నాను. ఇంకోటి వస్తుంది కదా అన్నాడు. ఆ పిసరంత జీతానికి హాస్టల్లో పడుండి చేస్తావా, ఇక్కడ నువ్వే కదా ఓనరువి అన్నాడు. అతనికి ఇందులో తప్పు కనిపించడం లేదు. చూస్తున్నాను కదా, నిజంగానే కనిపించడం లేదు. నా తరఫున జవాబివ్వడం అతనికి కరెంటు బిల్లు కట్టడం లాంటిదే. ఇంటి పని.

ఇంటికొచ్చాక అమ్మకి చెప్పాను. అమ్మ ముందు కిటికీ వేసింది. తర్వాత, అన్నయ్య మీద గొంతు లేపకు, పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాడు అంది.

నేను కూర్చునే ఉన్నాను కదా. అందుకే అలసట లేదు కాబోలు.

నవంబర్ 18, మంగళవారం

షాపుకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. కాళ్లకి అలవాటు.

నవంబర్ 19, బుధవారం

మధ్యాహ్నం డాబా మీద బట్టలు తీస్తుంటే వదిన వచ్చింది. తన ఫోను నా చేతిలో పెట్టి, చేసుకో, నేను మెట్ల దగ్గర ఉంటాను అంది. ల్యాబ్ నంబరు అన్నయ్య ఫోనులోంచి తనే కాపీ చేసి పెట్టింది.

ఒకావిడ ఎత్తింది. ఆ పోస్టు భర్తీ అయిపోయిందట. ఆసక్తి లేదన్నారు కదండీ అంది. అది నేను కాదండీ అన్నాను. ఆవిడ గొంతు తగ్గించి, 26న ఆరు నెలల పోస్టుకి నేరుగా ఇంటర్వ్యూలు ఉన్నాయి, లెటరేమీ అక్కర్లేదు, తొమ్మిదికల్లా రండి, పాతికమంది దాకా రావచ్చు, గ్యారంటీ ఏమీ లేదు అంది. ఈసారి మీ నంబరు ఇవ్వండి అంది. లేదన్నాను.

ఫోను తిరిగి ఇచ్చేశాను. వదిన తువ్వాలు మడతపెడుతూ, "అబ్బాయి అయినా బావుండేదమ్మాయ్," అంది. "ఏడ్చో గోలచేసో ఒప్పించేవాళ్లం. ఉద్యోగానికి ఎలా ఏడవాలో నాకు తెలీదు."

మూడేళ్లలో మొదటిసారి ఇద్దరం కలిసి నవ్వాం.

సాయంత్రం షాపులో జింకు పేజీ దిద్దాను. పాతగడియారం వెంటనే థాంక్స్ పంపాడు. అక్కడా జీతం లేదు, ఇక్కడా లేదు. అక్కడ మానేస్తే ఎవరూ కిటికీలు వేసుకోరు.

నవంబర్ 21, శుక్రవారం

బ్యాంకుకి వెళ్లాను. జ్వరమని చెప్పి షాపు ఎగ్గొట్టాను. కౌంటర్‌లో అతను ఫోన్ నంబరు మార్చే ఫారం ఇచ్చి, కొత్త నంబరు ఎవరిది, మీవారిదా అన్నాడు. నాదే అన్నాను. దారిలో కొన్న సిమ్ ఇంకా చేతిలోనే ఉంది. నంబరు మారడానికి వారం పడుతుందట. ఈలోగా డబ్బు కావాలంటే పాస్‌బుక్ మీద తీసుకోమన్నాడు. ఉన్నదాంట్లో చాలామటుకు తీసుకున్నాను.

సర్టిఫికెట్లు మాత్రం షాపు బీరువాలో ఉన్నాయి. మధ్యాహ్నం అన్నయ్య భోజనానికి వచ్చినప్పుడు వెళ్లి తీశాను. అన్నీ లామినేట్ చేసి ఉన్నాయి. డిగ్రీ వచ్చిన రోజు అన్నయ్యే చేశాడు, అన్నిటికంటే మందం షీటుతో, అంచులు గుండ్రంగా కత్తిరించి. నా చెల్లెలు అని ఆ రోజు వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించాడు. ఒరిజినల్స్ అలా ప్లాస్టిక్‌లో పెట్టేస్తే కొన్నిచోట్ల చెల్లవని అతనికి తెలియదు. నాకు తెలుసు. ఆ రోజు చెప్పలేకపోయాను, అంత సంతోషంగా ఉన్నాడు.

అతను చెడ్డవాడైతే ఈ డైరీ ఇంత పొడుగు ఉండేది కాదు.

నవంబర్ 23, ఆదివారం. ఉదయం

మెయిల్ వచ్చింది.

మూడు నెలలుగా చూస్తున్న పెట్టెలో, నా పేరుతో, నిన్న సాయంత్రం. 'ప్రియమైన దాతకు, మీ ఐదు వందల విరాళానికి మా కృతజ్ఞతలు.'

రెండుసార్లు చదివాను. నేనివ్వలేదు.

అన్నయ్య కాఫీ తాగుతూ నా ముఖమే చూస్తున్నాడు. వచ్చిందా అన్నాడు. నీ పేరు మీదే కట్టాను, నువ్వు మూడు వందలన్నావు, నేను ఐదు కట్టాను, రసీదు కలర్‌లో ప్రింట్ తీసి లామినేట్ చేశా, షాపులో పెడదాం, జనం కూడా చూస్తారు అన్నాడు. అమ్మ, చూశావా వాడికి నీ మీద ఎంత ఉందో అంది. వదిన కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"ఇంక కోపం పోయినట్టేనా?" అన్నాడు అన్నయ్య.

ఆ నవ్వుముఖం చూస్తే, ఉద్యోగం పోయినందుకు కూడా పడని బాధ పడ్డాను. ఆసక్తి లేదని నా తరఫున చెప్పాడు. ఆసక్తి ఉందని కూడా నా తరఫున అతనే చెప్పేశాడు. ఇంక నేను చెప్పడానికి ఏం మిగిలింది?

కోపం లేదన్నయ్యా అన్నాను. అది నిజమే.

నవంబర్ 24, సోమవారం. షాపులో

రసీదు గోడకి ఎక్కింది. దానిమీద నా పేరు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఒకతను ఫోటో తీసుకున్నాడు. సైన్స్ మేడమ్ చూసి, ఇచ్చేశావన్నమాట అంది. నేను కాదండీ అన్నాను, ల్యాబ్ ఆవిడతో అన్నట్టే. ఈసారి అన్నయ్య వినేలా అన్నాను. కాగితాలు కోస్తున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

నవంబర్ 25, మంగళవారం

విరాళం నేను ఇవ్వలేదు. ఈ ఏడాది ఇవ్వను. నా డబ్బు నాకు కావాలి.

రేపు ఉదయం ఆరింటి బస్సుకి టికెట్ కొన్నాను. భోజనాల దగ్గర చెప్పాను. అడగలేదు, చెప్పాను.

ఉద్యోగం రాకపోతే ఇంటికి వస్తాను. షాపుకి రాను.